మంజీర వంపులో మెట్ట సేద్యం: నారాయణఖేడ్ ప్రాంతంలో వాతావరణ మార్పులను తట్టుకునే ప్రయత్నాలు

రాష్ట్రంలో వర్షాభావానికి తరచుగా గురయ్యే ప్రాంతాలలో సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ డివిజన్ ఒకటి. పటంలో చూసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర నది, కర్ణాటకలోని బీదర్ జిల్లా మీదుగా సంగారెడ్డి జిల్లాలో ప్రవేశించి, సింగూరు మీదుగా పారి, ఆ తర్వాత ఉత్తరానికి మళ్ళి నిజాంసాగర్ జలాశయాన్ని చేరుతుంది. నారాయణఖేడ్ ప్రాంతం ఈ వంపు లోపలే ఉన్నది. నది చుట్టూ తిరిగిపోయినా, సాగు భూములలో అధిక భాగం నది మట్టం కంటే ఎత్తున ఉన్నందువల్ల కాలువల ద్వారా నీరు పారే అవకాశం లేదు. నల్లవాగు మధ్య తరహా ప్రాజెక్టు కింది ఆయకట్టు, కొన్ని చెరువులు, బోరుబావులు మినహాయిస్తే ఇక్కడి వ్యవసాయం వర్షంపైనే ఆధారపడి ఉన్నది.

పూర్వపు మెదక్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సంగారెడ్డి జిల్లాలో చేరి, ప్రత్యేక రెవెన్యూ డివిజన్‌గా ఏర్పడింది. నల్లరేగడి, ఎర్ర చెలక నేలలు రెండూ ఇక్కడ కలవు. పత్తి, సోయాచిక్కుడు, కంది, పెసర, మినుము, జొన్న, శనగ ప్రధాన పంటలు.

మెదక్ జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 870 మిల్లీమీటర్లు. మెట్ట పంటలకు ఈ పరిమాణం తక్కువేమీ కాదు. సమస్య వాన కురిసే తీరుతో వచ్చినది. 1950 నుంచి 2015 వరకు గల వర్షపాత వివరాలను పరిశీలించి, పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మధ్య భారత ప్రాంతంలో విస్తృతమైన అతివృష్టి ఘటనలు దాదాపు మూడు రెట్లు పెరిగినవి. నారాయణఖేడ్ రైతుకు దీని అర్థం సులభంగానే తెలుస్తుంది. జూన్‌లో విత్తిన తర్వాత వాన మూడు వారాలు ముఖం చాటేస్తే మొలక ఎండిపోతుంది. రెండవసారి విత్తనం కొనవలసి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెసర, మినుము కోతకు వచ్చే వేళ ముసురు పట్టితే కాయ చేను మీదనే మొలకెత్తుతుంది. ఏడాది చివర లెక్క చూస్తే వర్షపాతం సాధారణంగానే నమోదై ఉంటుంది. అందువల్ల వార్షిక సగటును మాత్రమే ఆధారం చేసుకొని పంట నష్టాన్ని అంచనా వేయడం సరికాదు. మండలాల వారీగా రోజువారీ వర్షపాతాన్ని నమోదు చేసే స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఏర్పాటైనవి. జిల్లా విలేకరులు, వ్యవసాయ అధికారులు పరిశీలించవలసినది ఆ రోజువారీ వివరాలనే.

2015వ సంవత్సరం ఈ ప్రాంతానికి గట్టి పరీక్ష అయినది. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం మెదక్‌తో సహా 7 జిల్లాలలోని 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. 29.91 టి.ఎం.సి.ల సామర్థ్యం గల సింగూరు జలాశయం అడుగంటి, హైదరాబాద్ నగరానికి దశాబ్దాలుగా సాగిన తాగునీటి సరఫరా నిలిచిపోయింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరు చివరలో ఎగువన కురిసిన భారీ వర్షాలకు అదే జలాశయం కొద్ది రోజుల్లోనే నిండి, గేట్లు ఎత్తవలసి వచ్చింది. నీటి పథకాల రూపకర్తలు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.

సత్యం పంటలు

మంజీరకు దక్షిణాన, జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్ మండలాలలో నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న ఒక ప్రయోగం నారాయణఖేడ్ వంటి ప్రాంతానికి ఎంతో దగ్గరిది. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983లో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పేద దళిత మహిళల సంఘాలతో కలిసి చిరుధాన్యాల సాగును పునరుద్ధరించే కార్యక్రమాన్ని చేపట్టింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో మరణించారు.

ఈ మహిళల చేలలో ఒకే పంట కనిపించదు. ఎకరం, రెండెకరాల చెలకలోనే పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు, గోగు కలిపి విత్తుతారు. ఇది పాత అలవాటు మాత్రమే కాదు, వానను బట్టి వేసుకున్న లెక్క. తొలకరి తర్వాత వాన ఆగిపోతే స్వల్పకాలిక పెసర పోవచ్చు గాని, లోతుగా వేరు పాతుకునే కంది నిలిచి చలికాలంలో కోతకు వస్తుంది. పప్పుజాతి పైరు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చి పక్కనున్న జొన్నకు బలమిస్తుంది. ఒక పంటకు పురుగు పట్టినా చేనంతా పోదు. నల్లరేగడిలో చలికాలపు మంచు, నేలలో మిగిలిన తేమ ఆధారంగా పండే రబీ జొన్న, శనగ, కుసుమ, అవిసె వంటి వాటిని అక్కడి మహిళలు ‘సత్యం పంటలు’ అంటారు. నీరు పెట్టకున్నా, ఎరువు వేయకున్నా మాట తప్పని పంటలని వారి భావం.

విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో భద్రపరచి, ఇరుగుపొరుగుకు ఇచ్చి తిరిగి తీసుకునే పద్ధతి గ్రామ విత్తన నిధులుగా రూపుదిద్దుకున్నది. వాన తప్పి రెండవసారి విత్తవలసి వచ్చినప్పుడు దుకాణానికి వెళ్ళే అవసరం లేకపోవడం చిన్న రైతుకు ఎంత ఆసరాయో చెప్పనక్కరలేదు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ సహకారంతో ఇక్కడ ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థను కూడా ప్రారంభించారు. బీడు భూములను సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పు ఇచ్చి, దానిని జొన్నల రూపంలో విడతలుగా రాబట్టి, ఆ ధాన్యాన్ని ఊళ్ళోని నిరుపేదలకు తక్కువ ధరకు అందించడం దీని విధానం. ఏ కుటుంబం పేదదో గ్రామస్థులే తేల్చారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో ఈ మహిళలే నడిపే సంగం రేడియో ప్రసారాలు ప్రారంభమైనవి. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతిని ప్రకటించింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి పాటించడంతో ఈ పంటలకు దేశవ్యాప్తంగా గుర్తింపు లభించింది.

అయితే ఈ పద్ధతికి గల పరిమితులను దాచవలసిన అవసరం లేదు. పది పంటలు కలిసిన చేనులో యంత్రంతో కోత సాధ్యం కాదు. ఒక్కొక్క పంట దిగుబడి కొద్దిపాటిదే కావడంతో మార్కెట్‌కు తీసుకువెళ్ళడం గిట్టుబాటు కాదు. పెట్టుబడి తిరిగి నగదు రూపంలో రావాలని కోరుకునే యువ రైతులు పత్తికి, సోయాకు మొగ్గడాన్ని తెలియనితనంగా భావించరాదు.

నేలలో నీరు నిలపడం

వాటర్‌షెడ్ పథకాల కింద చేపట్టిన గట్లు, ఊట కుంటలు, చెక్‌డ్యాంలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం తొలి విడత అమలైన జిల్లాలలో మెదక్ ఒకటి. 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా పునరుద్ధరించాలని నిర్ణయించారు. ఇదే సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులో 1972 నుంచి పనిచేస్తున్న ఇక్రిశాట్ సంస్థ, రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999లో ప్రారంభించిన ఆదర్శ వాటర్‌షెడ్, నీటి సంరక్షణతో పాటు పంటల ఎంపికను కూడా కలిపి చూసినందువల్లనే ఫలితమిచ్చింది. కట్ట కట్టి ఊరుకున్న చోట, నిలిచిన నీటిని కొత్త బోర్లు తోడివేసిన అనుభవం అనేక గ్రామాలలో ఉన్నది.

ఎత్తిపోతల ద్వారా మంజీర నీటిని పైకి తేవాలన్నది నారాయణఖేడ్ ప్రజల చిరకాల కోరిక. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేశారు. సింగూరు నుంచి బసవేశ్వర పథకానికి 8 టి.ఎం.సి.లు, సంగమేశ్వరకు 12 టి.ఎం.సి.లు ఎత్తిపోసి, మొత్తం 3.84 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. నారాయణఖేడ్ ప్రాంతానికి ఉద్దేశించిన బసవేశ్వర వాటా 1.65 లక్షల ఎకరాలు. మంజీర ఎండిన ఏడాది గోదావరి నీటితో సింగూరును నింపగలిగితేనే ఈ లెక్క నిలుస్తుంది. వరికి పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలసి ఉండగా జొన్నకు 400 నుంచి 500 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎత్తిపోసిన నీటిని వరికి పారిస్తే ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఆరుతడి పంటలకు ఒకటి రెండు తడులుగా ఇస్తే ఎన్ని ఎకరాలు తడుస్తాయి అన్నది ఆయకట్టు నిర్ణయానికి ముందే తేలవలసిన విషయం.

ఏ పంట వేయాలన్నది చివరకు ధరపైనే ఆధారపడుతుంది. 2025-26 సంవత్సరానికి హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు రూ.3,699, సాధారణ వరికి రూ.2,369 కనీస మద్దతు ధరగా కేంద్రం ప్రకటించింది. కాగితం మీద జొన్నదే పైచేయి. కాని వడ్లకు కొనుగోలు కేంద్రం ఊరి దగ్గరే తెరుచుకుంటుంది. జొన్నకు అంతటి ఏర్పాటు లేదు. 2013 ఆహార భద్రత చట్టం రేషన్‌లో చిరుధాన్యాలను కిలో రూపాయికే ఇచ్చే వీలు కల్పించినా, పంపిణీలో బియ్యానిదే ప్రాధాన్యం. పంటల బీమా విషయానికి వస్తే, ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి రాష్ట్రం 2020లో వైదొలగి, మళ్ళీ చేరనున్నట్లు 2024లో ప్రకటించింది. ఈ మధ్య కాలంలో కోత వేళ వాన దెబ్బ తిన్న రైతుకు ఆ పథకం కింద రక్షణ లేకపోయింది.

సేద్యం చేయి ఇవ్వని సంవత్సరం తర్వాత ఏమి జరుగుతుందో నారాయణఖేడ్ పరిసర తండాలలో స్పష్టంగా కనిపిస్తుంది. దసరా, దీపావళి దాటగానే చెరకు నరకడానికి కుటుంబాలు కర్ణాటక, మహారాష్ట్ర చక్కెర కర్మాగారాల ప్రాంతాలకు తరలిపోతాయి. తిరిగి వచ్చేది ఎండాకాలంలో. భార్యాభర్తలు జంటగా కుదిరే పని కావడంతో పిల్లలను కూడా వెంట తీసుకుపోవడం, బడి మధ్యలోనే ఆగిపోవడం సాధారణం. ఇంటి దగ్గర ముసలివారు, పశువులు మిగులుతాయి. రబీ జొన్న, శనగ విత్తి కాపాడుకోవలసిన నెలలు కూడా సరిగా అవే.