వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు

నిజ్వా కోట చూడటానికి వచ్చిన చుట్టాలకు మేము తప్పకుండా చూపించే వింత ఒకటి వున్నది. 17వ శతాబ్దం మధ్యలో ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ అల్ యారుబీ కట్టించిన ఆ గుండ్రని బురుజు పైకి ఇరుకు మెట్ల దారిలో వెళ్ళాలి. దారిలో తలుపుల దగ్గర నెత్తిన కన్నాలుంటాయి. శత్రువు తలుపు బద్దలు కొడుతూ వుంటే పైనుంచి సలసల కాగిన ఖర్జూరపు పాకమో, నూనో అతని మీద కుమ్మరించేవారట. పిల్లలు ఆ కన్నాల్లోకి తొంగిచూసి నవ్వుతారు. పోయిన జనవరి నుంచి మాకు మాత్రం నవ్వు రావటం లేదు.

జనవరిలో ఇక్కడ రాత్రులు చలిగానే వుంటాయి. ఇంటి దగ్గరనుంచి వచ్చిన మా అమ్మ ఒకనాడు తెల్లవారుజామున గీజరు కుళాయి తిప్పి, పాదాలు కడుక్కుని, ఏమీ ఎరగనట్టే వచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నది. "అత్తయ్యా, మీ కాలేమిటి ఇలా వుంది?" అని కోడలు అడిగితే గాని ఎవరికీ తెలియలేదు. కుడి పాదం మీద అరచేతి మేర బొబ్బలు! అమ్మకు చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి. పాదాల్లో స్పర్శ తగ్గిందని మాకు తెలుసు. ఆస్పత్రిలో రోజూ పదిమంది పాదాలు పట్టి చూసి, "వేణ్ణీళ్ళతో జాగ్రత్త" అని చెప్పి పంపేది మేమే. మా ఇంటి గీజరును ఎంత వేడికి పెట్టారో మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

తరువాత ఆలోచిస్తే లక్షణాలు ముందే కనిపించాయి. గీజరు మీది ఎర్రదీపం కొన్నాళ్ళుగా ఆరటమే లేదు. పక్కనున్న సన్నగొట్టం లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. రోగి ఇదే సంగతి చెబితే వెంటనే పరీక్షలు రాసేవాళ్ళం. ఇంట్లో వస్తువు చెబితే విన్న నాథుడు లేడు. మెయిను ఆపి ఎలక్ట్రీషియనును పిలిపించాము. అతను మూత విప్పి, జానెడు కడ్డీ ఒకటి బయటికి లాగి మా చేతిలో పెట్టాడు. దాని మీటలు అంటుకుపోయి, కరెంటు ఆగే దారి లేకుండా పోయింది. కొత్త కడ్డీ వెయ్యటానికి అరగంట పట్టింది. అదే థర్మోస్టాటు. ఆ పాత కడ్డీని మేము పారెయ్యలేదు. దాని వంశవృక్షం తెలుసుకోవాలని కూర్చున్నాము.

మన ఇళ్ళలో "బాయిలరు" అంటే పెరట్లో వుండే రాగి పాత్ర. మధ్యలో గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. దానికి థర్మోస్టాటు మా నాయనమ్మ. చెయ్యి పెట్టి చూసేది, నిప్పులు లాగేసేది, లేకపోతే నాలుగు పుల్లలు ఎగదోసేది. ఆ కాపలా మనిషి పని ఒక వస్తువుకు అప్పగించటమే ఈ చరిత్ర అంతా.

ఆ పనికి మొదట పూనుకున్నవారిలో పేరెన్నికగన్నవాడు కార్నెలిస్ డ్రెబ్బెల్ అనే హాలెండు దేశస్థుడు. ఇంచుమించు నిజ్వా బురుజు కట్టిన కాలానికి ఒక తరం ముందు, లండనులో కోడిగుడ్లు పొదిగించటానికి ఒక పొయ్యి చేశాడు. వేడెక్కితే సారాయి వ్యాకోచించి పాదరసాన్ని నెడుతుంది. పాదరసం పైకి లేచి గాలి వచ్చే మూతను దించుతుంది. నిప్పు తగ్గుతుంది. చల్లబడితే మూత మళ్ళీ తెరుచుకుంటుంది. ఇందులో మనిషి చెయ్యి లేదు. 1750లలో జాన్ హారిసన్ ఓడల గడియారం కోసం రెండు వేరు వేరు లోహాల పట్టీలను కలిపి అతికాడు. ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ, కాబట్టి వేడికి పట్టీ వంగుతుంది. 1830లో ఆ వంపుతోనే వేడిని అదుపు చేసే పరికరానికి పేటెంటు తీసుకుని, "థర్మోస్టాటు" అని పేరు పెట్టినవాడు ఆండ్రూ యూర్. గ్లాస్గోలో వైద్యం చదివినవాడు. అంటే ఆ పేరు పెట్టినది మా వృత్తివాడే!

మా చేతిలోని కడ్డీ ఆ వంశంలోదే. పైన ఇత్తడి గొట్టం, లోపల ఇన్వార్ అనే మిశ్రలోహపు కడ్డీ. వేడికి దాదాపు సాగని ఈ లోహాన్ని 1896లో కనిపెట్టిన గియోం అనే శాస్త్రజ్ఞుడికి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్ళు 40 డిగ్రీలు వేడెక్కితే జానెడు ఇత్తడి, ఇన్వార్ కంటె మిల్లీమీటరులో ఆరోవంతు ఎక్కువ సాగుతుంది. అమ్మ పాదం కాలటానికీ కాలకపోవటానికీ మధ్యనున్నది ఆ ఆరోవంతే.

బాయిలరు కథలో అసలు మలుపు అమెరికాలో వచ్చింది. విస్కాన్సిను రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే వూళ్ళో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు వుండేవాడు. చలికాలంలో నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి వేడి చూసుకుని, కిందికి పోయి బాయిలరు సరిచేసేవాడు. పాఠం సాగేది కాదు. ఆయన విసిగిపోయి, గదిలో వేడి మారితే బాయిలరు గదిలో గంట మోగే విద్యుత్ పరికరం చేసి 1883లో పేటెంటు పొందాడు. అది నిప్పును ముట్టుకోలేదు, కబురు మాత్రం పంపింది. గదిలోని ఇబ్బంది గదిలో లేనివాడికి తెలియటం అప్పుడే మొదలయింది.

ఆ కబురే ఇప్పుడు తీగ లేకుండా వెళుతున్నది. ఇంగ్లండులో వున్న మా సహాధ్యాయి ఒకడు అదే నెలలో ఫోను చేశాడు. "ఒరేయ్, మీకు నీళ్ళు మరుగుతున్నాయి, మాకు ఇల్లు గడ్డకడుతోంది. కొత్త బాయిలరు కొనాలంటున్నారు" అన్నాడు. అక్కడి ఇళ్ళలో గోడ మీదో, బల్ల మీదో వుండే చిన్న పెట్టె గది వేడి చూసి, బాయిలరు పక్కనున్న మరో పెట్టెకు రేడియోలో సంకేతం పంపుతుంది. మేము డాక్టరు పద్ధతిలోనే అడిగాము. బాయిలరు పక్కనున్న పెట్టె మీద మీట నొక్కి చేత్తో ఆన్ చేస్తే బాయిలరు వెలుగుతున్నదా? వెలిగింది. అయితే గుండె బాగానే వున్నది, జబ్బు నరానిది! బ్యాటరీలు మార్చమన్నాము. ఫలితం లేదు. రెండు పెట్టెలనూ దగ్గరగా పెట్టి మళ్ళీ జత కలపమన్నాము. ఒక్కరోజు పనిచేసి మళ్ళీ మూగబోయింది. చివరికి పెట్టెల జత మాత్రమే మార్చారు. పాతదాని తీగలు ఫోటో తీసుకుని, బాయిలరుకు ఎలాంటి స్విచ్చు కావాలో చూసి, కరెంటు ఆపిన తరువాత తెలిసినవాడి చేత పెట్టించాడు. గ్యాసు జోలికి అక్కడ రిజిస్టరయినవారు తప్ప ఎవరూ పోకూడదు. బాయిలరు ఖర్చు తప్పింది. కొత్త పెట్టెను కిటికీ పక్కనా, రేడియేటరు పక్కనా పెట్టవద్దని కూడా చెప్పాము. రోగి నోట్లో వేడి కాఫీ వుండగా జ్వరం చూస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో కొలిచారు. 60 డిగ్రీల నీళ్ళకు 5 సెకన్లు చాలు. 49 డిగ్రీలకు దాదాపు 10 నిమిషాలు పడుతుంది. అలాగని గీజరును 45కి తగ్గించి చేతులు దులుపుకోవటానికీ వీల్లేదు. 1976లో ఫిలడెల్ఫియాలో జబ్బు పుట్టించిన లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి గోరువెచ్చని నిలవ నీళ్ళలోనే పెరుగుతుంది. 60లో బతకలేదు. అందుకని నీళ్ళు తొట్టిలో 60లో వుండాలి, ఒంటి మీదికి వచ్చేసరికి 40 చిల్లరకు దిగాలి. అంటే వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు కావాలి. పెద్దలు ఈ సామెతను సంసారపు ఖర్చుల గురించి చెప్పారు గాని, స్నానాల గదిలో అది అక్షరాలా వైద్యశాస్త్రం.

నిజ్వా ఎండాకాలంలో ఆ తోడు కూడా దొరకదు. మిద్దె మీది ట్యాంకు కాగి, చన్నీళ్ళ కుళాయే చురుక్కుమంటుంది. అప్పుడు మనవాళ్ళు గీజరు ఆపేసి, ఇంట్లో చల్లారిన ఆ నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకుంటారు. తెలివైన ఉపాయమే. కాని అవి కూడా నిలవ నీళ్ళే. అప్పుడప్పుడు ఒకసారి పూర్తిగా కాచి వదలటం మంచిది. ఇంట్లో పసివాళ్ళో, పెద్దవాళ్ళో, చక్కెర వ్యాధివాళ్ళో వుంటే కుళాయి దగ్గర కలిపే కవాటం కూడా పెట్టించండి. ఎర్రదీపం ఆరుతున్నదో లేదో వారానికొకసారి చూడండి.

అమ్మ పాదం మానటానికి ఏడు వారాలు పట్టింది. కట్టు మార్చిన ప్రతిరోజూ మేము ఏదో ఒకటి సంజాయిషీ చెప్పబోయేవాళ్ళం. ఒకనాడు ఆవిడే అన్నది: "మీ నాయనమ్మ బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసేదిరా. తరువాత వేణ్ణీళ్ళు. ఆ తరువాత మోచెయ్యి పెట్టి చూసేది. నేనే మరిచిపోయాను, మిషను చూసుకుంటుంది గదా అని."

మరిచిపోయినది ఆవిడ ఒక్కతే కాదు. ఇప్పుడు మా స్నానాల గదిలో కొత్త థర్మోస్టాటు వున్నది, కలిపే కవాటం వున్నది. అయినా ముందు చన్నీళ్ళే పోస్తున్నాము. అమ్మ స్నానానికి వెళ్ళేముందు మోచెయ్యి పెట్టి చూసేది మేమే.