హెడ్‌ఫోను వెనుక మూత ఎందుకు పోయినది?

సంగీతము వినుటకు మంచి హెడ్‌ఫోనులు కొనదలచి అంగడికి పోయినవారికి ఒక వింత కనబడును. ఎక్కువ ధర పలుకు రకములలో కొన్నింటికి చెవి చిప్పల వెనుక మూత ఉండదు. మూత ఉండవలసిన చోట సన్నని లోహపు జాలియో, చిల్లుల పలకయో ఉండును. దానిగుండ లోపలి పాట బయటికి వినిపించును. బయటి రొద లోపలికి వచ్చును. పక్కనున్నవారికి కూడ పాట వినబడుచున్నప్పుడు చెవులకు ఈ చిప్పలు తగిలించుకొనుట దేనికని ఎవరికైనను తోచును. చవుక రకములకు మూత ఉండి, ఖరీదైన వాటికి లేకపోవుట మరింత విడ్డూరము. దీనికి కారణము తెలియవలెనన్న హెడ్‌ఫోను పుట్టుక నుండి చెప్పుకొని రావలెను. ఏలయన, ఈ సాధనము చిరకాలము చెవిని మూయుటకే పాటుపడినది. తెరచుటకు దానికి ఇంచుమించు ఎనుబది ఏండ్లు పట్టినది.

హెడ్‌ఫోనుకు తల్లి టెలిఫోను. 1880 తరువాతి సంవత్సరములలో అమెరికా టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పనిచేయువారు రెండు చేతులతోను తీగలు మార్చుచుండవలసివచ్చెను. వినుటకు పట్టుకొను సాధనమునకు మూడవ చేయి లేదు. వారికొరకు ఎజ్రా గిల్లిలాండ్ అను నతడు భుజముపై మోయు చట్రమొకటి తయారుచేసెను. అది వినిపించునది ఒక చెవికే. బరువు మాత్రము సుమారు 10 పౌనులు, అనగా నాలుగున్నర కిలోలు. దినమంతయు దానిని మోసినవారి భుజముల సంగతి ఊహించుకొనవచ్చును. 1891లో ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కడియే "బై-టెలిఫోను" పేర పేటెంటు పొందిన సాధనము దీనికి పూర్తిగ భిన్నము. రెండు చెవులలోను దూర్చుకొను చిన్న టెలిఫోనులవి. మొత్తము బరువు 50 గ్రాములు మించదు. చెవిలో దూరు కొనలకు రబ్బరు తొడుగులు కలవు. ఒరపిడి తగ్గించుటయే గాక, బయటి శబ్దములు చెవికి సోకకుండ మూయుటకు కూడ ఆ తొడుగులు పనికివచ్చునని ఆయన తలపు. నేడు సెల్‌ఫోనుతో వాడు ఇయర్‌ఫోనులకు ఇదియే తాత.

అప్పటికే టెలిఫోను ద్వారా సంగీతము వినిపించిన వారు లేకపోలేదు. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనములో క్లెమాన్ అడేర్ అను ఫ్రెంచి ఇంజనీరు ఒపేరా వేదిక అంచున వరుసగ ప్రసారిణులను అమర్చి, వాని తీగలను ప్రదర్శనశాలకు తెప్పించెను. వినువారు రెండు టెలిఫోను రిసీవర్లను చేత పట్టుకొని చెరియొక చెవికి ఆనించుకొనిరి. కుడిచెవి తీగ వేదికపై ఒక తావునకు, ఎడమచెవి తీగ మరియొక తావునకు చేరియుండుటచే, గాయకుడు ఇటునుండి అటు నడచినట్లు వారికి తెలిసినది. స్టీరియో అని నేడు మనము పిలుచు అనుభవమునకు ఇదియే నాంది. 1890 నుండి 1932 వరకు పారిస్‌లో ఒక కంపెనీ ఈ పద్ధతిని "తెయాత్రోఫోన్" పేర చందాదారులకు అందించెను. అయినను టెలిఫోను తీగపై వచ్చిన పాట టెలిఫోను పాటగనే ఉండెను.

తలకు తగిలించుకొను జోడు చిప్పల హెడ్‌ఫోను అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నథానియెల్ బాల్డ్విన్ చేతిలో 1910 నాటికి రూపు దిద్దుకొన్నది. అతడు తన వంటింటిలో కూర్చి చేసిన జోళ్లను అమెరికా నౌకాదళము పరీక్షించి మెచ్చినది. మరిన్ని కావలెనని కోరగా, ఒక్కసారికి పదింటికంటె ఎక్కువ చేయలేనని అతడు బదులు చెప్పెనట! నౌకాదళమునకు కావలసినది సంగీతము కాదు. ఇంజనుల హోరులో, అలల మోతలో వేరొక ఓడ నుండి వచ్చు సన్నని నిస్తంత్రీ సంకేతము వినబడవలెను. అందులకు చెవిని గట్టిగ మూసిన చిప్పయే శరణ్యము.

ఆ కాలపు చిప్పలలో ఒక శాశ్వతాయస్కాంతము, దానిపై తీగచుట్టలు, ఎదుట పలుచని ఇనుప రేకు ఉండెను. తీగచుట్టలో విద్యుత్తు హెచ్చుతగ్గులగు కొలది రేకు ముందునకు, వెనుకకు ఆడును. అయితే ప్రతి రేకునకు తనదగు సహజ పౌనఃపున్యము ఒకటి ఉండును. టెలిఫోను రేకులకు అది సెకనుకు వేయి కంపనముల ప్రాంతమున ఉండుట సాధారణము. ఆ ప్రాంతపు స్వరము వచ్చినప్పుడు రేకు అనునాదము చెంది బిగ్గరగ మ్రోగును. తక్కినవి వచ్చినప్పుడు నీరసించును. సంకేతములు వినువారికి ఇది లోపము కాదు సరికదా, మేలైనది. పాట వినువారికి మాత్రము ఒక మెట్టు మీదనే కాలు పడు సోపానము వంటిది.

మన ప్రాంతమునకు రేడియో వచ్చినది ఈ దశలోనే. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసి, ఆ ఏడే ప్రసారములు ఆరంభించెను. మద్రాసు అప్పుడు తెలుగువారికి కూడ రాజధాని. ఆనాటి చవుక రేడియో స్ఫటిక గ్రాహకము. దానికి బ్యాటరీ అక్కరలేదు. ఏరియల్ పట్టిన అత్యల్ప శక్తియే దానికి ఆధారము. ఆ శక్తి లౌడ్‌స్పీకరును కదల్పజాలదు. కనుక వేలకొలది చుట్లుగల సన్నని తీగతో, సుమారు 2,000 ఓముల నిరోధము గల హెడ్‌ఫోనులు తప్పనిసరి. వాల్వులు, లౌడ్‌స్పీకర్లు సులభమైన పిమ్మట ఇండ్లలో హెడ్‌ఫోను మూలపడినది. అది విమాన చోదకులకు, టెలిఫోను ఉద్యోగులకు, సైనికులకు మిగిలినది.

1937లో బెర్లిన్ నగరమున యూజెన్ బేయర్ కంపెనీ "డి.టి. 48" అను హెడ్‌ఫోనును వెలువరించినది. లౌడ్‌స్పీకరులోవలె పొరకే తీగచుట్టను అంటించి, దానిని అయస్కాంతపు సందులో ఆడించుట దీనిలోని విశేషము. బరువైన ఇనుప రేకు పోయినది. స్వరములన్నియు సమముగ పలుకుటకు దారి ఏర్పడినది. కాని చిప్పకు మూత పోలేదు. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరవాసి జాన్ కాస్, ఇంజనీరు మార్టిన్ లాంగ్‌తో కలిసి "ఎస్.పి. 3" అను స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించెను. కాస్ స్వయముగ జాజ్ వాద్యకారుడు. అతడు అమ్మదలచినది ఒక చిన్న గ్రామఫోను. హెడ్‌ఫోను దానికి తోడుగ పెట్టిన వస్తువు. చూడవచ్చినవారు గ్రామఫోనును విడిచి తోడు వస్తువునే కోరిరి. ఆ ఏడే స్టీరియో రికార్డులు విపణిలోనికి రావడము అతనికి కలిసివచ్చినది. సంగీతము వినుటకే చేసిన హెడ్‌ఫోను ఇట్లు ఇంటింట అడుగిడినది. ఇదియు మూసిన చిప్పయే.

మూసిన చిప్పలో ఏమి చిక్కు? పొర ముందునకు కదలినప్పుడు చెవివైపు గాలి నొక్కుకొనును. అదే క్షణమున వెనుకవైపు గాలి పలుచనగును. అనగా పొర రెండు వైపులా శబ్దము చేయును. వెనుకకు పోయిన శబ్దమును ఏమి చేయవలె ననునదే సమస్య. మూత ఉన్నచో అది మూతను తాకి మరలివచ్చి పొరనే కుదుపును. చిప్ప లోతు 3 సెంటీమీటర్లనుకొనుడు. తరంగము పోయి వచ్చుటకు 6 సెంటీమీటర్లు పయనించును. గాలిలో ధ్వని వేగము సెకనుకు 340 మీటర్లు గనుక, 6 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యమునకు తగిన పౌనఃపున్యము 340ని 0.06తో భాగించగ వచ్చును. సుమారు 5,700 హెర్ట్జ్. గాయకుని "స", "ష" అక్షరములలోని ఊష్మధ్వనియు, వీణ మీటునప్పటి గీరుడును ఈ దాపులనే ఉండును. అక్కడ ఒక కృత్రిమమైన మ్రోత చేరును. అదిగాక, చిప్పలో చిక్కిన గాలి ఒక బిగువైన స్ప్రింగువలె పొరను వెనుకనుండి నెట్టుచు, దాని సహజ పౌనఃపున్యమును పైకి జరుపును. చెంబులో మూతిపెట్టి మాటాడిన గొంతు ఎట్లు మారునో విద్యార్థులు ఎరుగుదురు. దూది, ఉన్ని, స్పాంజి కూరి తయారీదారులు దీనిని తగ్గించిరి. నేడు మంచి మూసిన హెడ్‌ఫోనులు కూడ కలవు. అయితే వాటిలో ఈ పోరాటము ఎన్నడును ముగియదు.

ఇందుకు ఒక మార్గము జపానులో కనబడినది. స్టాక్స్ సంస్థ 1959లో ప్రదర్శించి, 1960లో అమ్మకమునకు పెట్టిన హెడ్‌ఫోనులో అయస్కాంతమే లేదు. విద్యుదావేశము గల మిక్కిలి పలుచని పొర చిల్లులు గల రెండు లోహపు పలకల నడుమ స్థిర విద్యుదాకర్షణముచే ఊగును. ఉత్తమమైన పద్ధతియే, కాని వందల వోల్టులు అందించుటకు ప్రత్యేక పరికరము కావలెను. సామాన్యుని చేతికి అందునది కాదు.

సామాన్యుని చేతికి అందిన మార్పు 1968లో వచ్చినది. జర్మనీలో హానోవర్ నగర సమీపమున వెన్నెబోస్టెల్ గ్రామములో 1945లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ స్థాపించిన ప్రయోగశాల మొదట తయారుచేసినది ఒక వోల్టు మీటరు. ఆ సంస్థయే 1968లో "హెచ్.డి. 414" అను హెడ్‌ఫోనును వెలువరించినది. దాని చిప్పల వెనుక చిల్లులు తప్ప మూత లేదు. చెవికి తగులు వైపున గాలి స్వేచ్ఛగ చొరబడు పసుపుపచ్చని స్పాంజి మెత్తలు. మూసిన హెడ్‌ఫోనులు చెమట పట్టించి, తలను బిగించుచున్న ఆ కాలమున ఇది 140 గ్రాములకు లోపు బరువుతో తలపై ఉన్నదో లేదో తెలియకుండ ఉండెను. వెనుక శబ్దము మరలి రాక గదిలో కలిసిపోవును. పొరను నెట్టు గాలి స్ప్రింగు లేదు. దీని నిరోధము కూడ 2,000 ఓములే యగుట, స్ఫటిక గ్రాహకముల నాటి జ్ఞాపకమువలె తోచును. ఈ ఒక్క రకమే కోటికి పైగా అమ్ముడుపోయినదని ఆ సంస్థ చెప్పుకొనును.

దీనికి చెల్లించిన మూల్యము లేకపోలేదు. స్పాంజి గుండ ముందు గాలియు వెనుక గాలియు కలిసికొనును. మంద్ర స్వరములలో పొర కదలిక నెమ్మది గనుక, ముందు ఏర్పడిన పీడనము చెవిని చేరులోపలనే వెనుకకు జారి సమమైపోవును. మృదంగపు తొప్పి గుమకము పలుచబడును. తరువాతి తయారీదారులు చెవి చుట్టును పూర్తిగ ఆవరించు మెత్తలతో ఈ లోటును చాలవరకు తీర్చుకొనిరి. మూత మాత్రము తిరిగి పెట్టలేదు. 1979 జూలై 1న జపానులో సోనీ సంస్థ "వాక్‌మన్" విడుదల చేసినప్పుడు దానితో ఇచ్చినదియు స్పాంజి మెత్తల తేలిక హెడ్‌ఫోనే. ఇంటిలో వినుటకు తగిన సాధనమును రైలులోనికి, వీధిలోనికి తీసికొనిపోవుట నా దృష్టిలో పొరబాటు. పక్కవానికి "చిస్ చిస్" మను రొద మిగులును. వినువాడు బండి మోతను మించవలెనని పాట హెచ్చించును. కాలక్రమమున వీధి తిరిగి చెవిలో దూరు ఇయర్‌ఫోనుల వశమైనది. తెరచినవి ఇల్లు చేరినవి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ "హెచ్.డి. 600" వంటివి ఆ వంశపువే.

ఈ చరిత్ర తెలిసినవారు కొనునప్పుడు మొదట చూడవలసినది హెడ్‌ఫోనును కాదు, తమ గదిని. తెరచిన హెడ్‌ఫోను బయటి శబ్దమును ఆపదు. తిరుగుచున్న పంఖా, వీధి, పక్కగది టెలివిజన్ కలిసి 50 డెసిబెల్లుల రొద ఉన్నదనుకొనుడు. తంబుర శ్రుతిలో కలిసిపోవు సన్నని గమకము ఆ రొద క్రింద మునుగును. అది తేలవలెనని ధ్వని పెంచుదుము. దానితోబాటు బిగ్గర భాగములును పెరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి 80 డెసిబెల్లులు వారమునకు 40 గంటలు అని హద్దు చెప్పినది. ప్రతి 3 డెసిబెల్లుల పెంపునకు కాలము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5, 92కు రెండున్నర. పంఖా ఆపలేని గదిలో కూర్చున్నవాడు ఎంత మేలైన తెరచిన హెడ్‌ఫోను కొన్నను, చెవిని అరుగదీసికొని విన్నట్లే. అట్టివానికి మూసినదే మేలు. తెల్లవారుజామున గాని, రాత్రి అందరు పడుకొన్న పిదప గాని వినువానికి తెరచినది తగును. అయితే అదే గదిలో నిద్రించువారు ఉండరాదు.

రెండవది నిరోధము. కొన్ని హెడ్‌ఫోనులు 32 ఓములవి, కొన్ని 300 ఓములవి. వోల్టేజి వర్గమును నిరోధముతో భాగించిన శక్తి వచ్చును. 1 వోల్టు ఇచ్చు సాధనము 32 ఓములలో 31 మిల్లీవాట్లు, 300 ఓములలో 3.3 మిల్లీవాట్లు మాత్రమే ఇవ్వగలదు. ఒక మిల్లీవాటుకు 97 డెసిబెల్లులు పలుకు 300 ఓముల హెడ్‌ఫోను అయినచో, ఆ 3.3 మిల్లీవాట్లకు 102 డెసిబెల్లులు పలుకును. ఇది చాలినంత. సాధనము అర వోల్టే ఇచ్చినచో 96కు దిగును. నెమ్మదిగ రికార్డు చేసిన కచేరీకి అప్పుడు విడి ఆంప్లిఫయరు కావలసిరావచ్చును. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చును.

ధర సంగతి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల కొలతలను పరిశీలించి, అవి స్వరములను పలుకు తీరునకును, వాని ధరకును సంబంధము కనబడలేదని ప్రకటించెను. కనుక ధరచీటీ చూచి చెవిని నమ్మించుకొనరాదు. తెరచిన హెడ్‌ఫోనులో కచేరీ ఎదుటనే జరుగునట్లుండునని అమ్మువారు చెప్పుమాట కూడ కొంత తగ్గించి వినవలెను. ఎదుట రెండు లౌడ్‌స్పీకర్లున్నప్పుడు ప్రతి దాని శబ్దము రెండు చెవులకును చేరును. హెడ్‌ఫోనులో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. బెంజమిన్ బాయర్ 1961లోనే దీనిని గురించి వ్రాసెను. మూత తీసినంత మాత్రమున ఆ తేడా పోదు. చెవి మూసుకుపోయిన భావము మాత్రము తగ్గును.

అంగడిలో చూచుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. బాగుగ పరిచయమైన కీర్తన పెట్టి, వినుచునే రెండు అరచేతులతో జాలులను మూయవలెను. గొంతు చెంబులోనికి పోయినట్లు మారి, చేతులు తీయగనే బయటపడవలెను. ఏ మార్పును లేనిచో ఆ జాలి అలంకారము కొరకే. పది నిమిషములైనను తలపై ఉంచుకొని బరువు, బిగువు చూచుకొనవలెను. స్పాంజి మెత్తలు గాలిలోని తేమకు కొన్నేండ్లలో పొడియై రాలుట సహజము. మన కోస్తా జిల్లాలలో ఇది మరింత త్వరగ జరుగును. ఆ రకమునకు మెత్తలు విడిగ దొరకునా, వాని వెల ఎంత అని ముందుగనే అడిగి తెలిసికొనవలెను.