కర్నూలు నవాబుపై 'వహాబీ కుట్ర' కేసు: చంద్ర మల్లంపల్లి పరిశోధన ఏం చెబుతోంది?

1839 అక్టోబరు 18న కర్నూలు పక్కనున్న జోహరాపురం దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యానికీ, నవాబు వెంట ఉన్న పఠాన్ సిపాయిలకూ మధ్య పోరు జరిగింది. నవాబు గులాం రసూల్ ఖాన్ పట్టుబడ్డారు. దాంతో కర్నూలు నవాబుల పాలన ముగిసిపోయింది. అప్పట్లో ఆత్మకూరు, నందికొట్కూరు, నంద్యాల, శిరివెళ్ల ప్రాంతాలు ఈ నవాబుల ఏలుబడిలోనే ఉండేవి.

నవాబు మీద వచ్చిన అనుమానం చిన్నది కాదు. రష్యా, ఇరాన్‌లతో చేతులు కలిపి దక్కన్ ముస్లింలు కంపెనీ మీద జిహాద్‌కు సిద్ధమవుతున్నారని, అందులో ఆయనకూ వాటా ఉందని అధికారులు నమ్మారు. ఆ నమ్మకం ఎలా పుట్టింది, దానికి రుజువులు ఎంత గట్టివి అన్నది చరిత్రకారుడు చంద్ర మల్లంపల్లి పరిశోధించారు.

పరిశోధకుడు, పుస్తకం

చంద్ర మల్లంపల్లి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మాంట్ కాలేజీలో చరిత్ర బోధించారు. దక్షిణ భారతంలో మతం, చట్టం, వలస పాలన ఆయన ప్రధాన అంశాలు. దక్షిణాది క్రైస్తవుల ప్రజా జీవితంపై 2004లో, ఒక కుటుంబ ఆస్తి దావా ఆధారంగా జాతి, మతం, చట్టాలపై 2011లో పుస్తకాలు తెచ్చారు.

కర్నూలు కథ ఉన్న పుస్తకం పేరు 'ఎ ముస్లిం కాన్‌స్పిరసీ ఇన్ బ్రిటిష్ ఇండియా?'. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 2017లో ప్రచురించింది. పేరు చివర ఉన్న ప్రశ్నార్థకాన్ని గమనించాలి. కుట్ర జరిగిందని గానీ, అంతా కట్టుకథ అని గానీ ముందే తేల్చేయకుండా, అధికారులు రాసుకున్న కాగితాలనే ఆయన మళ్లీ పరీక్షకు పెట్టారు.

కాబూల్ యుద్ధం, కర్నూలు భయం

1837 నవంబరులో ఇరాన్ సైన్యం హెరాత్ నగరాన్ని ముట్టడించింది. వెనక రష్యా ఉందని బ్రిటిష్ వాళ్ల భయం. ఆ భయంతోనే గవర్నర్ జనరల్ ఆక్లాండ్ అఫ్గానిస్తాన్ మీదికి సైన్యాన్ని పంపారు. 1839 ఆగస్టుకల్లా ఆ సైన్యం కాబూల్ చేరింది. సైన్యం అంత దూరం పోయినప్పుడు ఇంట్లో తిరుగుబాటు వస్తే ఎట్లా అన్న దిగులు మొదలైంది.

అదే కాలంలో రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ అనుచరులు ఊరూరా తిరిగి బోధనలు చేస్తున్నారు. సయ్యద్ అహ్మద్ 1831లో బాలాకోట్ దగ్గర సిక్కు సైన్యంతో పోరులో చనిపోయారు. వాళ్లు తమ బాటను 'తరీఖా-ఎ-ముహమ్మదియా' అని చెప్పుకున్నారు. బ్రిటిష్ అధికారులు మాత్రం అరేబియా ఉద్యమం పేరు తెచ్చి 'వహాబీలు' అని ముద్ర వేశారు. ఒకసారి ఆ పేరు పడ్డాక బోధకుడెవరో, ఫకీరెవరో, హజ్‌కు పోయే బాటసారి ఎవరో తేడా చూడడం తగ్గిపోయింది. ప్రయాణికులను ఆపి విచారించారు. మస్జిదుల మీద కన్నేసి ఉంచారు. సంస్థానాల కోటల్లో ఆయుధాలు లెక్కపెట్టారు.

కర్నూలులో ఏం జరిగింది

1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేసినప్పుడు కర్నూలు నవాబు కూడా కంపెనీ నీడకు వచ్చారు. ఏటా లక్ష రూపాయల పేష్కష్ కట్టాలి, లోపలి పాలన మాత్రం తనదే. గులాం రసూల్ ఖాన్ 1823లో గద్దెనెక్కారు.

1839లో ఆయన ఆయుధాలు పోగేస్తున్నారన్న కబురు మద్రాసుకు చేరింది. బ్లేన్, కర్నల్ డైస్ అనే ఇద్దరిని విచారణకు పంపారు. కోటను సోదా చేస్తే దాచిపెట్టిన ఫిరంగులు, పెద్ద ఎత్తున ఆయుధ సామగ్రి బయటపడ్డాయి. అప్పటికే నవాబు కోట విడిచి జోహరాపురంలో ఉన్నారు. పోరు తర్వాత ఆయన్ను బందీగా తిరుచిరాపల్లికి తరలించారు. అక్కడే 1840లో హత్యకు గురయ్యారు.

అంటే ఆయుధాలు నిజం. అవి ఎవరి కోసం, రష్యా, ఇరాన్‌లతో వాటికి సంబంధం ఏమిటి అన్నదే అసలు ప్రశ్న. ఫిరంగి దొరికినంత మాత్రాన అంతర్జాతీయ కుట్ర రుజువైనట్టు కాదు. ఈ రెంటినీ విడదీసి చూడడం పరిశోధకుడి పని. ఆనాటి అధికారులు రెంటినీ కలిపేసి చూశారు.

హైదరాబాద్, ఉదయగిరి

కుట్రకు నాయకుడని అధికారులు చూపించింది నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలాను. రెసిడెంట్ ఫ్రేజర్ హయాంలో హైదరాబాద్‌లో విచారణ సంఘం కూర్చుంది. ముబారిజుద్దౌలాను దోషిగా తేల్చి గోల్కొండ కోటలో ఉంచారు. 1854లో ఖైదులోనే ఆయన చనిపోయారు. నెల్లూరు వైపు ఉదయగిరి జాగీర్దారు మీద కూడా ఇలాంటి ఆరోపణే వచ్చి జాగీరు పోయింది.

పరిశోధన తేల్చిన విషయాలు

మల్లంపల్లి వాదనలో మూడు అంశాలు ముఖ్యం. ఒకటి, ప్రపంచ స్థాయి కుట్రగా కనిపించిన దాని వెనక చాలా చోట్ల స్థానిక తగాదాలే ఉన్నాయి. వాటికి మతంతో సంబంధం తక్కువ. రెండు, తమకు నచ్చని నవాబునో, రాజబంధువునో దించాలనుకున్న ముస్లింలు కూడా అధికారుల భయాన్ని వాడుకున్నారు. 'వహాబీ' అన్న మాట చెవిన వేస్తే చాలు, కంపెనీ కదిలేది. మూడు, చట్టం ప్రకారం పాలిస్తామని చెప్పుకున్న ప్రభుత్వం పలుచని ఆధారాలతోనే మనుషులను పట్టుకుంది, రాజ్యాలను కలిపేసుకుంది.

రెండో అంశం మనకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. తప్పంతా బయటివాళ్లదే అనుకుంటే కథ తేలికవుతుంది. కానీ ఇంటి తగాదాను సర్కారు చెవిలో వేసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారని ఈ పుస్తకం చూపిస్తుంది.

అనుమానం 1839తో ఆగలేదు. 1857 తర్వాత మరింత ముదిరింది. 1864లో అంబాలాలో, 1865లో పాట్నాలో 'వహాబీ' కేసులు నడిచాయి. భారతీయ ముస్లింల విధేయతను ప్రశ్నిస్తూ హంటర్ అనే అధికారి 1871లో పుస్తకమే రాశారు. కర్నూలు, హైదరాబాద్ కేసులు వాటికంటే రెండు దశాబ్దాల పైచిలుకు ముందువి.

'హైబ్రిడ్ యుద్ధం' అంటే

హైబ్రిడ్ అంటే మన రైతులకు జొన్న, పత్తి విత్తనం గుర్తొస్తుంది. రెండు రకాలు కలిపి చేసింది అని అర్థం. భద్రతా శాస్త్రంలోనూ అంతే. సైన్యం, గెరిల్లా పోరు, పుకార్లు, తప్పుడు ప్రచారం, డబ్బు, ఇవాళైతే సైబర్ దాడులు, అన్నీ కలిపి సాగించే పోరును హైబ్రిడ్ యుద్ధం అంటున్నారు. అమెరికా పరిశోధకుడు ఫ్రాంక్ హాఫ్‌మన్ 2007లో రాసిన అధ్యయనంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. 2006 లెబనాన్ యుద్ధం ఆయన చూపిన ముఖ్య ఉదాహరణ. 2014లో క్రిమియాను రష్యా కలుపుకున్న తర్వాత ఈ మాట అందరి నోటా వినబడింది. ఇలాంటి ముప్పులపై పని చేసే యూరోపియన్ కేంద్రం 2017లో హెల్సింకీలో మొదలైంది.

1839లో ఈ పేరు లేదు. కానీ ముప్పును ఊహించుకున్న తీరు అదే: సరిహద్దులో శత్రు సైన్యం, లోపల బోధకులు, ఉత్తరాలు, పుకార్లు. అలాంటి ముప్పు ఉండొచ్చు, ఉంటే ప్రభుత్వం జాగ్రత్త పడాల్సిందే. చిక్కు ఎక్కడంటే, శత్రువు కంటికి కనిపించనప్పుడు వెతుకులాట పక్కనే ఉన్న పౌరుడి మీదికి మళ్లుతుంది. ఒక జిల్లాలో పుట్టిన అనుమానం ఇంకో జిల్లాలో రుజువుగా చెల్లుబాటవుతుంది. అప్పుడు ఒక్కో మనిషి ఏం చేశాడన్నది పక్కకు పోయి, అతను ఏ వర్గం వాడన్నదే నేరమవుతుంది. ఆరోపణ వచ్చిన రోజు అడగాల్సింది ఏమిటంటే: చెప్పింది ఎవరు, అతనికి లాభమేమిటి, దొరికిన వస్తువుకూ మోపిన నేరానికీ లంకె ఉందా? ఈ ప్రశ్నలు వాట్సాప్‌లో వచ్చే పుకారుకూ పనికొస్తాయి.

ఈ రోజు మిగిలింది

నవాబు పోయాక కర్నూలును కొన్నేళ్లు కమిషనర్ చేతిలో ఉంచారు. 1858లో కడప, బళ్లారి వైపు తాలూకాలు కొన్ని కలిపి జిల్లా చేశారు. ఆత్మకూరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పాత కోటలో కొండారెడ్డి బురుజు కర్నూలు నడిబొడ్డున నిలిచే ఉంది. జోహరాపురం నగరంలో ఒక పేటగా కలిసిపోయింది. ఈ చోట్లను పిల్లలకు చూపించే పెద్దలు నవాబు ఓడిపోయిన సంగతితో పాటు, ఆయన మీద మోపిన నేరం ఎంతవరకు రుజువైందన్న ప్రశ్న కూడా చెప్పవచ్చు.