గేమింగ్ నెట్‌వర్క్ కార్డు కొంటే ల్యాగ్ తగ్గుతుందా? డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఆన్‌లైన్ గేమ్ ఆడే పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అబ్బా, నెట్ ల్యాగ్ అవుతోంది, గేమింగ్ కార్డు కొనివ్వండి." సరిగ్గా గురి చూసే సమయానికి బొమ్మ ఆగిపోతుంది, తేరుకునేలోపు ఆట పోతుంది. పిల్లవాడు చెప్పే ఇబ్బంది నిజమే. కానీ దానికి మందు ఆ కార్డేనా అన్నది వేరే ప్రశ్న.

అసలు ఈ కార్డు ఏమిటి?

కంప్యూటర్‌కి నెట్ కేబుల్ గుచ్చే చోటును నడిపించేదే నెట్‌వర్క్ కార్డు. ఈ రోజుల్లో దాదాపు ప్రతి మదర్‌బోర్డులోనూ అది ముందే ఉంటుంది. గేమింగ్ కోసమే ప్రత్యేకంగా కార్డు అమ్మడంలో బాగా పేరు పడింది అమెరికాకు చెందిన బిగ్‌ఫుట్ నెట్‌వర్క్స్. 2006లో అది తెచ్చిన 'కిల్లర్' కార్డు ధర సుమారు 280 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో 12 వేల రూపాయలకు పైనే. కార్డు మీదే 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ ఉండేవి. నెట్ పనిని విండోస్‌కి వదలకుండా కార్డే చేసుకుంటుందని కంపెనీ చెప్పింది. అప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్లు బలహీనం కాబట్టి కొన్ని ఆటల్లో కాస్త తేడా కనిపించింది. చాలా చోట్ల ఆ ధరకు తగ్గ తేడా లేదు.

ఆ తర్వాత ప్రాసెసర్లు ఎంతో బలపడ్డాయి, ఆ అవసరమే తగ్గిపోయింది. కిల్లర్ బ్రాండు చేతులు మారి 2020లో ఇంటెల్‌కి చేరింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే వైఫై కార్డుల్లో కొన్నింటి లోపల ఉండేది ఇంటెల్ మామూలు కార్డుల్లో ఉండే హార్డ్‌వేరే. తేడా అంతా పేరులోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

కంప్యూటర్ నుంచి గేమ్ సర్వర్‌కి కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఇందులో నెట్‌వర్క్ కార్డు వాటా మామూలుగా ఒక మిల్లీసెకను కూడా ఉండదు. మిగతాదంతా మూడు చోట్ల పోతుంది.

మొదటిది దూరం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయి 600 కిలోమీటర్లకు పైనే, కాబట్టి పోయి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు కావాలి. సింగపూర్ సర్వర్ అయితే కనీసం 30. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో యంత్రాలుంటాయి కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే వస్తుంది. ఏ కార్డూ ఈ దూరాన్ని తగ్గించలేదు. గేమ్ సెట్టింగుల్లో దగ్గరి సర్వర్ ఎంచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

రెండోది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో పక్కింటి రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ ఒకే దారిలో తోసుకుంటాయి. మధ్యలో రెండు గోడలుంటే ఇక చెప్పనక్కర్లేదు.

మూడోది రూటర్ దగ్గర క్యూ. సాయంత్రం అమ్మీ ఫోన్లో ఫొటోలు బ్యాకప్ అవుతుంటాయి, అప్పా వీడియో క్లాసు చూస్తుంటుంది, మామూ దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో ఉంటారు. లైన్ నిండిపోయి గేమ్ కబుర్లు వరుసలో ఆగుతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. గేమింగ్ కార్డు తన కంప్యూటర్‌లోని పనుల్లో గేమ్‌ని ముందు పెట్టగలదు గానీ ఇంట్లోని మిగతా ఫోన్లను ఆపలేదు. ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ ఆపేస్తే అదే ఫలితం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

పది నిమిషాల పరీక్ష

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు ఇంటి రూటర్ అడ్రసుకి పింగ్ కొట్టండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది.

- కేబుల్ మీద 1 మిల్లీసెకను లోపే స్థిరంగా వస్తే కంప్యూటర్‌లోని కార్డు బాగానే ఉంది. కొత్తది కొన్నా తేడా రాదు.
- వైఫై మీద ఒకసారి 3, ఒకసారి 80 అని ఎగిరిపడుతుంటే తప్పు వైఫైది.
- రూటర్ దాకా బాగుండి, 8.8.8.8కి కొట్టినప్పుడు ఇంట్లో ఎవరైనా వీడియో అప్‌లోడ్ చేయగానే పింగ్ అమాంతం పెరిగితే, అది క్యూ సమస్య.
- ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా 8.8.8.8కి పింగ్ ఎక్కువగానే ఉంటే, నెట్ కంపెనీతో మాట్లాడాలి.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ముందుగా రూటర్ నుంచి కంప్యూటర్ దాకా క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ లాగించండి. 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగానికి అది సరిపోతుంది. కేబుల్ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారి, రూటర్‌ని గది మధ్యకు తెచ్చి చూడండి. క్యూ సమస్య అయితే రూటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం గానీ క్యూఓఎస్ గానీ ఉందేమో వెతకండి. ఎస్‌క్యూఎం ఉంటే వేగాన్ని అసలు వచ్చేదాంట్లో 85 నుంచి 90 శాతం దగ్గర కట్టండి. వేగం కొంచెం తగ్గినట్టు కనిపించినా క్యూ కరుగుతుంది. దీనివల్ల ఆట ఒక్కటే కాదు, దుబాయ్ కాల్ కూడా తెగకుండా నడుస్తుంది.

కార్డు నిజంగా కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. పోర్టు కాలిపోయినా, పాత కంప్యూటర్‌లో 100 ఎంబీపీఎస్ పోర్టే ఉండి ప్లాన్ అంతకంటే ఎక్కువైనా, డెస్క్‌టాప్‌లో వైఫై లేక కేబుల్ కూడా కుదరకపోయినా కొనాల్సిందే. అప్పుడైనా ఇంటెల్ లేదా రియల్‌టెక్ చిప్ ఉన్న మామూలు కార్డు చాలు. కేబుల్ గుచ్చే గిగాబిట్ కార్డు సుమారు వెయ్యి రూపాయలకే దొరుకుతుంది.

పిల్లవాడు కార్డు అడిగినప్పుడు కాదనే ముందు, సరే అనే ముందు, పక్కన కూర్చుని ఆ పరీక్ష కలిసి చేయడం మంచిది. అప్పుడు వాడి ఇబ్బందిని పట్టించుకున్నట్టూ ఉంటుంది, వేల రూపాయలు దుబారా కాకుండానూ ఉంటాయి.