వేములవాడ చాళుక్యులు

రాష్ట్రకూటులకు సామంతులుగా 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం చివరి దాకా నేటి రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ పరిసరాలను ఏలిన రాజవంశం. తొలి రాజధాని బోధన్, తర్వాతిది వేములవాడ. శాసనాల్లో దాని పేరు లేంబులపాటక. వంశకర్త వినయాదిత్య యుద్ధమల్లుడు బోధన్‌లో బావిని నూనెతో నింపి ఏనుగులకు స్నానం చేయించేవాడట. వంశ ప్రశస్తుల్లో ఇలాంటి గొప్పలకు కొదవలేదు.

ఏలికల యుద్ధాలే వీరి యుద్ధాలు. ‘సొలదగండ’ (ఓటమెరుగని వీరుడు) బిరుదున్న బద్దెగుడు 42 యుద్ధాలు గెలిచాడనీ, నీళ్లలో మొసలిని పట్టినట్టు వేంగి చాళుక్య భీముణ్ణి పట్టాడనీ చెబుతారు. పట్టినవాడూ, పట్టుబడినవాడూ చాళుక్యులే. రెండో నరసింహుడు రాష్ట్రకూట మూడో ఇంద్రుడి వెంట ఉత్తరాదికి దండెత్తి ఘూర్జర ప్రతీహార మహీపాలుణ్ణి ఓడించాడు.

అతని కొడుకు రెండో అరికేసరి కాలమే ఈ వంశానికి వెలుగు. రాష్ట్రకూట నాలుగో గోవిందుడు వెంటాడుతున్న చాళుక్య వంశీయుడు విజయాదిత్యుడికి అతను ఆశ్రయమిచ్చాడు. చివరికి ఆ గోవిందుడే గద్దె దిగాల్సి వచ్చింది. కన్నడ ఆదికవి పంపడు ఈ కొలువులోనివాడే. ‘విక్రమార్జున విజయం’లో అర్జునుడిలో అరికేసరినే చూపించాడు. అందుకే అందులో ద్రౌపది అర్జునుడొక్కడికే భార్య, చివరికి పట్టాభిషేకమూ అతనికే. రాజును మెప్పించడానికి భారతకథనే తిరగరాశాడు, అయినా కావ్యం నిలిచింది.

తెలుగువారికి ఇంతకన్నా విలువైనది పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కురిక్యాల శాసనం. గంగాధర మండలంలోని బొమ్మలగుట్ట మీద, జైన తీర్థంకరుల, చక్రేశ్వరి శిల్పాల కింద చెక్కిన ఈ శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయకు శతాబ్దం ముందే కందం ఇక్కడ చక్కగా నడిచిందనడానికి ఇదే సాక్ష్యం.

జైన పండితుడు సోమదేవసూరి 959లో ‘యశస్తిలక చంపువు’ను గంగాధరలో ముగించాడు. అతని కోసం రెండో బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయం కట్టించగా, 966లో మూడో అరికేసరి దానికి ఒక ఊరును దానమిచ్చాడు. ఆ సంగతి పర్భణీ తామ్రశాసనంలో ఉంది. జైనాన్ని ఇంతగా ఆదరించినా శివాలయాలకు లోటు రానీయలేదు. మొదటి బద్దెగుడి పేర వెలసిన బద్దెగేశ్వరాలయమే నేటి భీమేశ్వరాలయం అంటారు.

973లో రాష్ట్రకూటులు కూలడంతో ఈ వంశమూ శాసనాల నుంచి కనుమరుగైంది. నేల కల్యాణి చాళుక్యుల చేతికి పోయింది. తర్వాత జగిత్యాల దగ్గరి పొలాస కేంద్రంగా మరో సామంత వంశం తలెత్తింది. దాన్ని కాకతీయ రుద్రదేవుడు అణచిన వైనం 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో చదవవచ్చు.