లెక్క అడిగేవారి లెక్క

ప్రభుత్వాన్నీ కంపెనీలనీ "లెక్కలు బయటపెట్టండి" అని నిలదీసేవారు తమ లెక్కలు కూడా బయటపెట్టాలా? పెట్టకపోతే శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అంటారు కొందరు. అమెరికా చరిత్రలోంచి రెండు సంగతులు చెబుతాను, వినండి.

మొదటిది లూయిస్ బ్రాండైస్ కథ. ఆయన బోస్టన్ లాయరు. 1913లో హార్పర్స్ వీక్లీలో పెద్ద బ్యాంకర్ల మీద వరుసగా వ్యాసాలు రాశారు. ఎండ తగిలితే క్రిములు చచ్చినట్టు, సంగతులు నలుగురికీ తెలిస్తే అక్రమాలు ఆగుతాయని ఆయన వాదన. పారదర్శకత గురించి మాట్లాడేవారు ఇప్పటికీ ఆ పోలికే వాడుతుంటారు.

1916లో ఆయన సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. 1939 దాకా ఉన్నారు. జడ్జిగా ఉంటూ ఉద్యమాల్లో దిగడం కుదరదు. అందుకని హార్వర్డ్ లా ప్రొఫెసర్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌కు ప్రజా కార్యక్రమాల ఖర్చుల కోసం డబ్బు పంపేవారు. 1920ల మధ్య నుంచి అది ఏటా 3,500 డాలర్లు. బ్రూస్ అలెన్ మర్ఫీ అనే పరిశోధకుడి పుస్తకం వల్ల 1982లో ఇది పత్రికలకెక్కింది. అప్పటికి బ్రాండైస్ పోయి నలభై ఏళ్లు దాటింది. అది లంచం కాదు, ఆయన సొంత సొమ్మే. కానీ ఆ ప్రొఫెసరు గారి మాటలు విన్న జనానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారో తెలియదు. ఎండ గురించి చెప్పిన మనిషే ఈ ఒక్క గదికి తలుపు వేసుకున్నారు.

రెండోది దీనికి తలకిందులు. 1956లో అలబామా ప్రభుత్వం నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి.ని సభ్యుల జాబితా ఇమ్మంది. సంస్థ తన పదాధికారుల పేర్లు, ఇతర రికార్డులు ఇస్తానంది కానీ మామూలు సభ్యుల పేర్లు మాత్రం ఇవ్వనంది. పేరు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, దెబ్బలూ తగలొచ్చు. కోర్టు లక్ష డాలర్ల జరిమానా వేసినా లొంగలేదు. 1958లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంస్థ పక్షానే తీర్పు చెప్పింది.

ఈ రెండూ పక్కపక్కన పెడితే గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. అధికారం, పలుకుబడి, పదిమంది డబ్బు ఎవరి చేతిలో ఉంటే వారు లెక్క చెప్పాలి. వెనక నిలబడ్డ సామాన్యుడి పేరు అడగకూడదు. ఇక్కడి పన్ను చట్టం కూడా ఇంచుమించు అలాగే ఉంది. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా వేసే ఫారం 990లో ఆదాయం, ఖర్చు, పదాధికారుల జీతాలు ఉంటాయి. ఎవరడిగినా చూపించాలి. చాలా సంస్థలు దాతల పేర్లు మాత్రం చూపనక్కరలేదు. గుళ్లకీ చర్చిలకీ ఈ ఫారం తప్పనిసరి కాదు. అక్కడ లెక్క చెప్పడం పెద్దల మర్యాద మీదే ఆధారపడి ఉంది.

మన సంఘాల్లోనూ ఇదే సమస్య. కార్యవర్గాన్ని లెక్క అడిగే మిత్రులు ఎన్నికల ప్రచారానికి తాము వసూలు చేసిన డబ్బు సంగతి కూడా చెప్పాలి. చెప్పలేదన్న సాకుతో కార్యవర్గం తన లెక్క దాచుకోకూడదు. అడిగినవాడిలో లోపం ఉన్నంత మాత్రాన అడిగిన ప్రశ్న తప్పయిపోదు. బ్రాండైస్ తలుపు వేసుకున్నా, ఎండ గురించి ఆయన చెప్పిన మాట నిజమే. సెలవు.