నాలుగు తరాల నూలు

సదాశివపేట, జోగిపేట వైపు జిన్నింగ్ మిల్లుల్లో కట్టిన పత్తి బేళ్లు దక్షిణాదికి పోతుంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఆ లారీలు ముత్తంగి దగ్గరే మళ్లిపోతున్నాయి గానీ, అంతకుముందు బీరంగూడ కమాన్ ముందునుంచే పోయేవి. ఆ పత్తిలో చాలా భాగం తమిళనాడు మిల్లుల్లో నూలవుతుంది. మన నల్లరేగడిలో పండిన పత్తిని అంతదూరం పంపడం ఎందుకంటే కరెంటు, కూలి, ప్రభుత్వ విధానాలు అంటూ లెక్కలు చెప్పేవాళ్లున్నారు. ఆ లెక్కలు తప్పు కావు. నాకు మాత్రం ఇది ముందు కుటుంబాల కథ. అందులోనూ కోయంబత్తూరు మిల్లులు కట్టిన పెద్ద కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే.

విజయనగరం రోజుల్లోనూ, ఆ తర్వాత నాయకరాజుల కాలంలోనూ తమిళ దేశానికి వలసపోయిన తెలుగు రైతులు నల్లరేగడి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగారు. అలాంటి ఒక వలసనే కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. ఆయన ఊరు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్, ఇంటి భాష తెలుగు. కోయంబత్తూరు చుట్టూ స్థిరపడిన కమ్మ నాయుళ్లదీ అదే దారి. మొదట పత్తి పండించారు, తర్వాత పత్తి కొని అమ్మారు, ఆపైన గింజ తీసే జిన్నులు పెట్టారు. మిల్లుకు అటునుంచి వచ్చారు. అందుకే వాళ్లకు కండెకన్నా ముందు కాయ తెలుసు. బొంబాయి మిల్లులు పెట్టిన వర్తకులకూ వీళ్లకూ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఊళ్లో తొలి మిల్లు వీళ్లది కాదు. 1888లో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు పెట్టింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ ప్రారంభించారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో వచ్చిన కంబోడియా పత్తి అప్పటికే ఆ ప్రాంతపు చేలను మార్చేస్తోంది. పాత నాటు రకాలకన్నా పొడవైన పింజ, బావినీళ్లకు బాగా లొంగే పంట. 1922లో పీలమేడులో పి.ఎస్.జి. కుటుంబం రంగవిలాస్ మిల్లు పెట్టింది. అసలు మలుపు 1930లలో వచ్చింది. నీలగిరి కొండల్లోని పైకారా జలవిద్యుత్తు 1932-33 నాటికి కోయంబత్తూరు చేరింది. బొగ్గు గనులు లేని ఊరికి కొండ మీది నుంచి చవక కరెంటు దిగిరావడంతో, ప్రపంచమంతా మాంద్యంలో ఉన్న ఆ రోజుల్లోనే అవినాశి రోడ్డు వెంట మిల్లులు లేచాయి. 1933లో దక్షిణ భారత మిల్లు యజమానుల సంఘం ఏర్పడింది. 'దక్షిణాది మాంచెస్టర్' అన్న పేరు ఆ దశాబ్దపు సంపాదనే.

పి.ఎస్.జి. సోదరుల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1926లో నలుగురు అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటూ నాలుగు కాదు, అయిదు వాటాలు వేశారు. ఆ అయిదోది ధర్మానికి. రూ.2.01 లక్షలతో మొదలైన ఆ ట్రస్టు నుంచే 1951లో పి.ఎస్.జి. టెక్ ఇంజనీరింగ్ కాలేజీ పుట్టింది. అన్నదమ్ముల పంపకాల్లో ఎన్ని ఉమ్మడి వ్యాపారాలు ముక్కలయ్యాయో మనకు తెలియనిది కాదు. ఇక్కడ ఒక వాటా పంపకానికి దొరకకుండా ఉండిపోయింది. అది దానమే, కానీ దాని వల్ల మిల్లులకు ఇంజనీర్లు పక్క వీధిలోనే తయారయ్యారు.

ఈ చరిత్రను యజమానుల వైపునుంచి మాత్రమే రాసేవాళ్లు 1946ను చప్పున దాటేస్తారు. ఆ ఏడాది జనవరి 8న చిన్నియంపాళయానికి చెందిన నలుగురు మిల్లు కార్మికులను కోయంబత్తూరు జైల్లో ఉరితీశారు. అదే ఏడాది నవంబరులో స్టేన్స్ మిల్లు దగ్గర పోలీసుల కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. ఆసుపత్రులూ కాలేజీలూ కట్టిన ఊరే ఇది కూడా.

కుటుంబం చేతిలో మిల్లు ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే జర్మనీలో ఒక ఇంటిని చూడాలి. ఆ ఇంటిపేరు మన కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుల గోడల మీద అందరం చూసిందే. వుప్పర్ నది లోయలోని బార్మెన్, ఎల్బర్‌ఫెల్డ్ ఊళ్లకు 1527లోనే నూలు చలువచేసే ప్రత్యేక హక్కు దక్కింది. పద్దెనిమిదో శతాబ్దంలో యోహాన్ కాస్పర్ ఎంగెల్స్ అక్కడ నూలు చలువతో మొదలుపెట్టి లేసు, రిబ్బను వ్యాపారంలోకి వెళ్లాడు. ఆయన మనవడు అన్నదమ్ములతో పొత్తు విడిచి, 1837లో ఎర్మెన్ సోదరులతో కలిసి 'ఎర్మెన్ అండ్ ఎంగెల్స్' కంపెనీ పెట్టాడు. మాంచెస్టర్‌లో ఒక మిల్లు, అగ్గర్ నది ఒడ్డున ఎంగెల్స్‌కిర్షెన్‌లో మరొకటి. పెద్దకొడుకును పని నేర్చుకోమని 1842లో మాంచెస్టర్ పంపాడు. కొడుకు నేర్చుకున్నదేమిటో 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద అచ్చయిన పుస్తకం చెప్పింది. అయినా ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1850లో మళ్లీ అదే మాంచెస్టర్ ఆఫీసుకు వెళ్లి, 1869 దాకా పత్తి లెక్కలు రాశాడు. మార్క్స్ ఇల్లు గడవడానికి ఆ నూలు డబ్బే ఆసరా అయింది. వారసుడికి వ్యాపారం మీద గౌరవం లేకున్నా అతన్ని పూచీ నుంచి తప్పించుకోనివ్వకపోవడం కుటుంబ కంపెనీ స్వభావం.

ఎంగెల్స్‌కిర్షెన్ మిల్లు సొంత జలవిద్యుత్తు తయారుచేసుకుని ఊరికీ దీపాలిచ్చింది. 1979లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం. 1970లలో జర్మనీ మిల్లులు ఆసియా నూలుకు తట్టుకోలేక ఒక్కొక్కటీ ఆగిపోతున్నప్పుడు నిలిచింది నూలు యంత్రాలు చేసేవాళ్లు. 1888లో, అంటే స్టేన్స్ మిల్లు పుట్టిన ఏడాదే, శాక్సనీలోని క్రిమిట్‌షావ్‌లో మొదలైన ట్రూట్‌జ్‌ష్లర్ కంపెనీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత 'రైన్ మాంచెస్టర్' అని పేరున్న మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌కు చేరింది. దూదిని చిక్కు విడదీసి పోగుగా పరిచే కార్డింగ్ యంత్రాలు దాని ప్రత్యేకత. ఇవాళ్టికీ అది కుటుంబం చేతిలోనే ఉంది.

కోయంబత్తూరు ఆ పాఠాన్ని జర్మనీ చూపించకముందే నేర్చుకుంది, అదీ అవసరంకొద్దీ. మొదట్లో రింగ్ ఫ్రేముల నుంచి చిన్న విడిభాగం దాకా లంకాషైర్ నుంచి రావాల్సిందే. యుద్ధకాలంలో దిగుమతులు ఆగాయి. 1957 తర్వాత విదేశీ మారకద్రవ్యం కొరతతో కొత్త యంత్రానికి అనుమతి దొరకడమే గగనమైంది. ఆవిష్కర్త జి.డి. నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన డి. బాలసుందరం, టెక్స్‌టూల్ కంపెనీలో స్పిన్నింగ్ యంత్రాలు చేయించారు. 1956లో మిల్లులే చందాలేసుకుని 'సిట్రా' పరిశోధన సంస్థ పెట్టుకున్నాయి. 1962లో కుప్పుస్వామి నాయుడి కుమారుడు జి.కె. దేవరాజులు, స్విట్జర్లాండ్ రీటర్ కంపెనీ సాంకేతిక సహకారంతో లక్ష్మీ మెషిన్ వర్క్స్ స్థాపించారు. బేలు విప్పడం దగ్గర్నుంచి కండెకు నూలు చుట్టడం దాకా మొత్తం వరస యంత్రాలనూ తయారుచేయగల కంపెనీలు ప్రపంచంలో చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి అయింది. అర్ధశతాబ్దం దగ్గరపడ్డాక రీటర్‌తో దారులు వేరయ్యాయి. కంపెనీ లోహపు పోతలు, సీఎన్‌సీ యంత్రాలు, విమాన విడిభాగాల వైపు కూడా విస్తరించింది.

పాత మిల్లుల గతి వేరు. నగరం నడిబొడ్డున ఉన్న స్థలం లోపలి యంత్రాలకన్నా విలువైనదైపోయింది. అవినాశి రోడ్డులోని లక్ష్మీ మిల్స్ ఆవరణలో 2023లో లులు హైపర్‌మార్కెట్ తెరుచుకుంది. నూలు వడకడం పల్లెలకు జరిగింది. అక్కడ సంఘాల జోలి లేకుండా పెళ్లికాని ఆడపిల్లలను హాస్టళ్లలో పెట్టి, మూడేళ్ల తర్వాత ఒకేసారి ముట్టజెప్పే కూలి పద్ధతి చాలా మిల్లుల్లో పాతుకుపోయింది. 'సుమంగళి' అని దానికి పెట్టిన పేరు విని మురిసిపోనక్కరలేదు. కోర్టులూ హక్కుల సంఘాలూ తప్పుపట్టిన పద్ధతి అది.

ఇక మన వైపు. నిజాం రాజ్యంలో మిల్లులకేం తక్కువ లేదు. హైదరాబాదులో 1877లోనే మొదలయ్యాయి. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934 నాటిది, దాని దుప్పట్లు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ మిల్లుకు పెట్టుబడి సర్కారుది. 1970లలో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది, 2002లో మూతపడింది. నష్టాల మిల్లును వదిలేసి యంత్రాల కంపెనీ పెడదామనే కొడుకు అక్కడ ఎవరికీ లేడు. మూసేయాలా వద్దా అన్న ఫైలు ఢిల్లీలో ఉండేది. హైదరాబాదులో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు లాంటి కుటుంబపు మిల్లు లేకపోలేదు. అయితే చుట్టూ అలాంటివి ఇంకో ఇరవై లేవు. ఒకటి కూలితే మరొకటి పనివాళ్లనూ, పాత యంత్రాలనూ, అప్పునూ అందుకునే వరస ఏర్పడలేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ కూడా ప్రభుత్వపు నీడలోనే పెరిగింది. 1960లలో బీహెచ్‌ఈఎల్, 1972లో ఇక్రిశాట్, 1980లో మెదక్ నుంచి ఇందిరాగాంధీ గెలుపు, ఆ వెంట ఫ్యాక్టరీల వరద. మందులు, రసాయనాలు, ఇనుము అన్నీ వచ్చాయి. పక్క మండలాల్లో పండే పత్తిని ఆధారం చేసుకున్నవి మాత్రం కొద్దే. పరిశ్రమకు ఇచ్చిన స్థలమూ రాయితీలూ చూసి వచ్చినవాళ్లు ఊరి పంట చూసి రాలేదు.

2017లో వరంగల్ దగ్గర గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. అక్కడికి ముందుగా వచ్చిన పెద్ద కంపెనీల్లో ఒకటి కొరియాకు చెందిన యంగ్‌వన్. మరొకటి పసిపిల్లల దుస్తులు కుట్టే కైటెక్స్, కేరళలోని కిళక్కంబళంలో పుట్టిన కుటుంబ కంపెనీ.